మోదుగుకుంటను తెల్లగా చూపిన పటం

నేను ఒక హీట్‌మ్యాప్‌ను. ఫ్లెక్సీ మీద అచ్చయిన మండల పటాన్ని. నవ్వకండి, నా ఒళ్లు మండిపోతోంది.

నా పుట్టుక వినండి. పాము కరిచిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టారు. చుక్కలు పలచగా ఉంటే పసుపు, దగ్గరైతే నారింజ, గుంపు కడితే నెత్తురెరుపు. చుక్కే లేని చోటు తెలుపు. నాలో గొర్లగుట్ట ఎంత ఎర్రగా వెలిగిందంటే, మండలాఫీసులో చాయ్ పోసే ఆయన చల్లారిన గ్లాసును నాకు ఆనించి వేడిచేసుకున్నాడు. ఒట్టు!

నన్ను గోడకు వేలాడదీసి మండలాధికారి దామోదర్ సారు మురిసిపోయాడు. పాములన్నీ గుట్ట మీదే ఉన్నాయని తేల్చేశాడు. గుట్ట చుట్టూ ముళ్లకంచె వేయించి, కావలి పెట్టించాడు.

ఏం తెలివండీ! గుట్ట మీద ఉన్నది పాములు కావు, ఫోన్ సిగ్నల్. కింద మోదుగుకుంటలో ఎవరిని పాము కరిచినా, ఇంటివాళ్లు గుట్టెక్కి అంబులెన్సుకు ఫోన్ చేస్తారు. ఫోన్ చేసిన చోటే కాటు పడిందని చుక్క పెట్టుకున్నారు ఈ మహానుభావులు. కాట్లు తిన్న ఊరేమో నాలో పెళ్లికొడుకు పంచెలా తెల్లగా మిగిలింది.

పత్తిచేలో మోదుగుకుంట సాయవ్వ కోడలు సుగుణను రక్తపింజర కరిచింది. సాయవ్వ గుట్టకు పరుగెత్తితే కావలి నర్సయ్య అడ్డం నిలబడ్డాడు. ఆమె తర్వాత ఆఫీసుకొచ్చి అరిచి చెబుతుంటే విన్నాను.

"పాములున్నయవ్వా, ఎవ్వల్ని ఎక్కనియ్యొద్దన్నరు."

"పాము నా చేన్ల ఉన్నది, ఫోను కలిసేది గుట్ట మీద! జరుగు, నీ కంచెల మన్నువడ!"

ఆ వాదులాటలోనే పొద్దు జారింది. చివరికి కంచె కింద దూరి, చీర చింపుకుని ఎక్కింది. సుగుణ బతికింది. కాలు మాత్రం తీసేశారు.

"సారూ, గీ బొమ్మల మా ఊరేది?" అని ఆఫీసులో నిలదీసింది సాయవ్వ.

"ఇగో, ఈ తెల్లజాగ. మీకేం భయం లేదవ్వా."

"మరి నా కోడలి చుక్క ఏడ వెట్టినవ్?"

సారు వేలు అలవాటుగా గుట్ట మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

సాయవ్వ నన్ను గోడ నుంచి పీకింది. "కంచె తీసినంక వచ్చి తీస్కపో" అని చంకన పెట్టుకుని నడిచింది. కంచె ఇంకా ఉంది. నేను ఆమె పెరట్లో పత్తికట్టె మోపు మీద వానకు తడుస్తున్నాను.

మోపులోకి ఎలుకలు చేరాయి. ఎలుకల వెంట రక్తపింజర వచ్చింది. ఇప్పుడు నా మీదే, సరిగ్గా మోదుగుకుంట తెలుపులో, చుట్టచుట్టుకుని పడుకుంది. రండి సారూ, ఇక్కడ చుక్క పెట్టుకోండి! ఫోన్ చేయించి చెబుదామంటే, గుట్ట ఎక్కనివ్వరాయె మీరు.