రోహిణిలో విప్పిన ఇంటికప్పు

కంఠేశ్వర్‌లోని ఆ రెండు గదుల ఇంటి మీద ఒక్క పెంకు కూడా లేదు. దింపిన పెంకులన్నీ వాకిట్లో గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. లోపలి గదిలో రేణుకమ్మ కూతురు గంగామణి మంచం మీద పడుకుని ఉంది. పక్కలో ఎనిమిదో నెలలోనే పుట్టేసిన కొడుకు. వాళ్ళ నెత్తి మీద ఉన్నది వాసాలకు అడ్డంగా పరిచిన రెండు ఈతచాపలు. అవి కూడా ఎండ పడకుండా వేసినవే.

మిర్గం, అంటే మృగశిర కార్తె, రాకముందు రోహిణి కార్తెలోనే పెంకులు దింపి, పగిలినవి ఏరేసి మళ్ళీ కప్పించుకోవడం ఆ వీధిలో ఏటా ఉన్నదే. ఈసారి బాలింత గది జోలికి పోవద్దని రేణుకమ్మ అనుకుంది. కానీ పెంకులు సర్దే కొమురయ్య పైకెక్కి చూసి, ఆ గది వాసాలకే చెద పట్టిందన్నాడు.

"గిప్పుడు తియ్యకుంటే వానలు మొదలైనంక కప్పు పిల్ల మీదనే పడ్తదక్కా."

"ఇప్పినంక వానొస్తేనో?"

 అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న రేణుకమ్మ అత్త భూమవ్వ అందుకుంది.

"రోహిణిల వానేందే? నా లగ్గమైనకాడి సంది సూస్తున్న. మిర్గం పొద్దుదాంక సుక్క రాలది. ఇప్పనియ్యి."

భూమవ్వ మాట మీద ఆ వీధివాళ్ళు వడియాలు పెట్టుకునేవాళ్ళు, పెళ్ళి పందిళ్ళు వేసుకునేవాళ్ళు. రేణుకమ్మ కూడా సరేనంది. భర్త బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మరమ్మతు పనుల్లో ఉన్నాడు. ఆదివారం తప్ప రాడు. కొమురయ్య వాసాలు మార్చి, తెల్లారి వచ్చి కప్పుతానని మాక్లూర్‌లో మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు. తెల్లారింది, మధ్యాహ్నమైంది. రాలేదు.

పొద్దు వాలుతుండగా గాలి చల్లబడింది. ఉతికిన బాలింత గుడ్డలు తీస్తున్న రేణుకమ్మ చేయి ఆగిపోయింది. రోహిణి గాలి ఇలా ఉండదు. బోధన్ వైపు చూసింది. ఆకాశం అడుగున నల్లటి మబ్బు.

"రేణుకక్కా! సూసినవా అటు?" పెరటి గోడ అవతలి నుంచి వాజిదా కేకేసింది. కిందటి వానల్లో రెండిళ్ళ మధ్య మట్టిగోడ కొంత కూలితే, ఆ సందులో కంప కొట్టి ఉంచారు. "పిల్లను మా ఇంట్లకు తోలుకరా. మాది దాబా ఇల్లు, ఫికర్ లేదు."

"ఎట్ల తోలుకపోతది?" భూమవ్వ లేచి వచ్చింది. "ఇంక పురుటి తానం కాలే. బాలింత వీధి గడప దాటుతదా?"

"అత్తా, గాలి సూడు..."

"గాలి మబ్బే. ఎల్లిపోతది." అంటూనే కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు తగ్గించింది. "నా పెద్ద పిలగాణ్ణి గిట్లనే వాగు వచ్చిందని గడప దాటిచ్చిన్రు. మూడొద్దులు బతుకలే. నీకు తెల్వదు."

రేణుకమ్మకు తెలియదు. ఇన్నేళ్ళలో అత్త ఆ మాట ఎన్నడూ అనలేదు. లోపలికి వెళ్ళి మనవడి పాదాలు పట్టుకుని చూసింది. వాడి ఒళ్ళు ఎప్పుడూ చాలినంత వెచ్చగా ఉండేది కాదు. అందుకే గది గుమ్మంలో కుంపటి రాత్రింబవళ్ళు రాజేసి ఉంచేవారు. పురుటి స్నానం అయ్యేదాకా ఆ నిప్పు ఆరకూడదని భూమవ్వ కావలి కాసేది.

పైన చాప ఎగిరి పక్కకు ఒరిగింది. సందులోంచి గంగామణి చెంప మీద పెద్ద చినుకు పడింది.

"అమ్మా!"

రేణుకమ్మ పిల్లవాణ్ణి గుండెలకు హత్తుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇంటికి కప్పే లేకపాయె, గడపను పట్టుకోని ఏం జేద్దాం అత్తా?"

భూమవ్వ మబ్బును చూసింది, పిల్లవాణ్ణి చూసింది. తర్వాత పెరటివైపు తిరిగింది.

"తానానికి పెరట్లకు రోజూ పోతనే ఉంది. గోడ సందుకు గడప లేదు గద," అంది. అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి కంపను వట్టి చేతులతో లాగసాగింది.

"అవ్వా, ముండ్లు!" అవతలి నుంచి వాజిదా కూడా లాగింది.

"నీ నోరు గాదు, కాళ్ళు కదిలియ్యి. దుప్పటి తే," అని భూమవ్వ ఆమెను కసిరింది.

దుప్పటి కింద గంగామణి, రేణుకమ్మ కొంగు కింద పిల్లవాడు సందు దాటారు. వాజిదా గదిలో మంచం మీద తల్లీబిడ్డలను పడుకోబెట్టి వెనక్కి చూస్తే భూమవ్వ లేదు. వాన విరుచుకుపడింది. రేణుకమ్మ మళ్ళీ పరుగెత్తింది.

కప్పులేని గదిలో వాన సూటిగా కురుస్తోంది. భూమవ్వ నేల మీద వంగి కూర్చుని కుంపటి మీద చేట అడ్డం పెట్టింది. చేట తడిసి జావయింది. కుంపట్లో బూడిద నీళ్ళు.

"ఆరిపోయింది," అంది, కోడలి మొహం చూడకుండా. "నా లెక్క తప్పింది రేణుకా."

"లేవు అత్తా. ముందుగాల లేవు."

కుంపటితో వాజిదా గుమ్మం దాకా వచ్చి భూమవ్వ ఆగిపోయింది. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో ఆ ఇంట్లో ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చీరంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అవ్వా," గంగామణి లోపలి నుంచి పిలిచింది. "వీని కాళ్ళు సల్లగైతున్నయి."

భూమవ్వ కుంపట్లో నీళ్ళు బయట ఒంపి, కొంగుతో తుడిచి వాజిదా ముందు పెట్టింది.

"నాలుగు నిప్పులెయ్యి బిడ్డా."

"మా పొయ్యి నిప్పు నీకు నడుస్తదా అవ్వా?" అంటూనే వాజిదా పటకారు అందుకుంది.

"ఎయ్యవే. ముచ్చట్లు తర్వాత."

కుంపటిని మంచం పక్కన పెట్టారు. రేణుకమ్మ గుడ్డ వెచ్చబెట్టి పిల్లవాడి పాదాలకు చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. పాదాలు వెచ్చబడ్డట్టే అనిపించింది. తన చేతులే వేడెక్కాయేమో తెలియలేదు. ఇంకోసారి విప్పి చెంపకు ఆనించుకుంది.

కిటికీలోంచి తమ ఇల్లు కనిపిస్తోంది, వట్టి గోడలు, వట్టి వాసాలు. బోధన్ వైపు మళ్ళీ ఉరిమింది.

"ఆగుతదా అత్తా?" అంది అలవాటుగా.

కుంపటికి విసురుతున్న భూమవ్వ తలెత్తి మబ్బును చూసింది. కుంపటిని మంచానికి ఇంకాస్త దగ్గరికి జరిపి మళ్ళీ విసరసాగింది.