కొత్త తోలు

తార్నాకలో ఒక రెండో అంతస్తు ఇంట్లో పొద్దున్నే స్వరూప కూతురి మొహానికి శనగపిండి రుద్దుతోంది. అమల యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మే చదువుతోంది. చామనచాయ కన్నా ఒక వాసి నలుపు. ఆ ఒక్క వాసే తల్లికి పిల్ల పుట్టిననాటి నుంచీ దిగులు.

"మెల్లగమ్మా, మండుతున్నది."

"మండకుంట తెలుపొస్తదా?"

ఈ మాట వినబడని ఇల్లు మనలో ఎవరిదో, గుండె మీద చెయ్యేసుకుని చెప్పమనండి.

గడప దగ్గర వనజ గొడుగు తీసుకుని బయల్దేరుతోంది. ఆమె స్వరూపకు ఆడబిడ్డ, భర్త బాలరాజుకు చెల్లెలు. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేని మనిషి. జుట్టు తెలుపు, కనుబొమలు తెలుపు, చూపు మసక. క్యాంపస్‌లో అటెండరు. ఆమె గేటు దాటుతుంటే "దొరసాని వస్తున్నది, సలాం కొట్టుర్రి" అని పిల్లలు నవ్వుకునేవారు.

"దేవుడు తెలుపు పంచేనాడు మా ఇంట్ల తూకం తప్పిండు," అనేది స్వరూప. "అక్కర లేనిదానికి కుండెడు కుమ్మరించి, నా బిడ్డకు చుక్క రాల్చలే."

"కావాలంటే నాది తీస్కో వదినా. నాకేం పనికొచ్చింది?" అనేది వనజ.

వనజది చిన్నతనమంతా మిరపచేలల్లో ఎండకు కాలిన తోలు. చెవి ముందర గరుకుగా ఒక మచ్చ లేచింది. బస్సు నంబర్లు కనబడవు కనుక ఆస్పత్రికి స్వరూప తోడు వెళ్లింది. డాక్టర్ సుధామయి మచ్చను వేలితో తడిమి చూసింది.

"ఇది క్యాన్సర్ కాదమ్మా. వదిలేస్తే కావచ్చు. దీనికో క్రీము ఉంది. మచ్చ మీద రాసి, కాసేపాగి ఎర్రదీపం కింద పెడతాం. వెలుగు తగిలితేనే అది పనిచేస్తుంది. చెడిన తోలు రాలిపోయి కొత్త తోలు వస్తుంది."

మంచి తోలుకు తగలకూడదనీ, తర్వాత రెండ్రోజులు ఎండ పొడ తగలనివ్వొద్దనీ కూడా ఆమె చెప్పింది. కానీ స్వరూప చెవులు 'కొత్త తోలు' దగ్గరే ఆగిపోయాయి.

జీతంలో మిగుల్చుకుని వనజ ఆ ట్యూబును పై దేశం నుంచి తెప్పించుకుంది. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది. సోమవారం దీపం కిందికి రమ్మన్నారు.

శనివారం అమల క్లాసుకు ఫేర్‌వెల్. ఆ ఫోటోలే సంబంధాలవాళ్లకు పంపాలని తల్లి లెక్క. వనజ పనికి పోగానే స్వరూప ట్యూబు తీసి, తోకదాకా పిండి, కూతురికి నుదురు మొదలు మెడ దాకా పట్టించింది.

"అది అత్తమ్మ మందు కదనే?"

"ఆమెది చిటికెనవేలంత మచ్చ. ఇంకింత ఉంటది తీ. నువ్వు నీడకు పోకు బిడ్డా, వెలుగు తగిలితేనే పనిచేస్తదట."

నిజానికి ట్యూబులో చుక్క మిగల్లేదు.

క్యాంపస్‌లోని పెద్ద రాతి భవనం మెట్ల మీద, మిట్టమధ్యాహ్నం, అమల ఫోటోలకు నవ్వుతూ నిలబడింది. మొదట చీమలు పాకినట్టయింది. తర్వాత మొహమంతా పచ్చిమిరపకాయలు నూరి పట్టించినట్టయింది. సాయంత్రానికి రెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి.

"ఎవరు పూసిన్రు ఇది?" బాలరాజు అడిగాడు.

"ఇంకెవలు? నీ చెల్లె. తన లెక్క తెల్లగ చేస్తనని పూసింది. కుళ్లు, ఉత్త కుళ్లు," అంది స్వరూప. అంటూనే కూతురి మణికట్టును గట్టిగా నొక్కింది. అమల నోరు విప్పలేదు.

వనజ ఖాళీ ట్యూబును కంటికి ఆనించి చూసుకుంది. "సోమారం దీపం కిందికి ఏం తీస్కపోవాలె వదినా?" అంది.

"నా బిడ్డ మొహం కాల్చి ఇంక మందులంటవా? నీ దారి నువ్వు చూస్కో," అన్నాడు అన్న.

వనజ లాలాగూడలో ఒక గది చూసుకుంది. మళ్లీ ట్యూబు తెప్పించుకునే స్తోమత లేదు, ఆస్పత్రికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాళ్లూ లేరు. వానాకాలంలో మచ్చ పగిలి పుండైంది. తోటి అటెండరు చూసి తీసుకువెళ్లేసరికి అది క్యాన్సర్.

అమల వాపు దిగింది కానీ, కాలినచోటల్లా గోధుమరంగు మరకలు నిలిచాయి. మొహం మునుపటికన్నా నల్లబడింది. చివరికి స్వరూప కూతుర్ని సుధామయి దగ్గరికే తీసుకుపోయింది. గది బయట బెంచీ మీద, చెవి ఉండాల్సినచోట కట్టుతో, ఒళ్లో గొడుగుతో వనజ కూర్చుని ఉంది.

"గొంతు విన్న. వదినేనా? అమల మొహం ఎట్లున్నది? నాకు కనబడ్తలేదు."

స్వరూప కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది.

"మేడమ్, ఈ మరకలు పోయి తెల్లగయ్యే మందు ఏమన్న ఉన్నదా?"

"అసలివి ఎలా వచ్చాయి?"

"మా ఆడబిడ్డ..."

"అత్తమ్మ కాదు మేడమ్," అంది అమల. "అత్తమ్మ మందు మా అమ్మే నాకు పూసింది. అత్తమ్మను ఎళ్లగొడ్తుంటే నేను ఊకున్న."

డాక్టర్ తలుపు వైపు చూపించింది.

"ఆవిడకు ఆనాడు జబ్బుంది, మందూ ఉంది. మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదు. జబ్బున్న మనిషి చేతిలో మందు లాక్కుని జబ్బులేని మొహం కాల్చారు. ఆవిడ చెవి పోయింది, ఈ పిల్ల మొహం పోయింది. ఇప్పుడు కూడా తెల్లగయ్యే మందే అడుగుతున్నారు. నలుపుకు మందు లేదమ్మా. నలుపు జబ్బయితే కదా, మందుండటానికి!"