బుగ్గపూల మడి మీది గంప

పొద్దు ఇంకా ఇప్పచెట్ల వెనుకే ఉంది. బాలమల్లు గంప అంచును రెండు చేతులా పట్టుకొని, నిద్రపోతున్న పసిబిడ్డ మీది గుడ్డ తీసినంత మెల్లగా పైకెత్తాడు. కింద బూడిద నిన్న సాయంత్రం అరచేత్తో సాపు చేసినట్టే ఉంది. పగులు లేదు, పొంగు లేదు. చీమ నడిచిన గీత కూడా లేదు. మోకాళ్ల మీద కూర్చొని, ముక్కు నేలకు తగిలేంత వంగి చూశాడు. ఆ మాత్రం వంగినందుకే ఆయాసం ముంచుకొచ్చి, ఛాతీలో పిల్లి గురక పెట్టినట్టు చప్పుడైంది. కాసేపు అలాగే ఉండి, గంపను మళ్లీ బోర్లించి, దాని చుట్టూ చెంబెడు నీళ్లు పోశాడు.

ఇచ్చోడ ఊరు దాటి సడక్ అడవిలోకి మళ్లే చోట ఉంది ఆ జంగ్లాత్ బంగ్లా, అడవిశాఖ సాబులు దిగేది. నిజాం పాలనలో అక్కడ తోటమాలిగా కుదిరిన బాలమల్లు, రాజ్యాలు మారినా ఆ మడుల మధ్యనే ఉండిపోయాడు. సన్నటి మనిషి. వీపు కావడి బద్దలా వంగిపోయింది. గోళ్ల కింది మట్టి ఎంత రుద్దినా పోదు. ఖాకీ అంగీకి పై గుండీ ఎప్పుడూ ఉండదు. సడక్ మీద పోయేవాళ్లు, ముసలోడు వట్టి మట్టికి నీళ్లు పోస్తున్నాడని నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ అన్నట్టు తన పని తాను చేసుకుపోయేవాడు.

మట్టి వట్టిది కాదు. పోలీస్ యాక్షన్‌కు ముందు ఆ బంగ్లాలో ఉన్న పెద్దసాబు భార్య, ఎక్కడో చలికొండల నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన గడ్డలు అందులో ఉన్నాయి. జానెడుకు మించి ఎదగని పొట్టి రకం, ఊతకర్ర అక్కరలేదు. విచ్చుకునే ముందు మొగ్గ గాలి ఊదిన బుగ్గలా ఉబ్బుతుంది. విచ్చుకున్నాక ఐదు కొసల నీలి చుక్క అవుతుంది. దొరసాని ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది గాని, బాలమల్లు పెండ్లాం యాదవ్వ వాటిని బుగ్గపూలు అన్నది. అదే నిలిచింది. మొగ్గను వేళ్లతో నొక్కితే టప్పుమంటుంది. బంగ్లాకు వచ్చిన పిల్లలు నొక్కబోతే యాదవ్వ ఊరుకునేది కాదు.

“గా బుగ్గల ఏముంటదయ్యా?” అని ఒకనాడు అడిగింది.

“ఏముంటది, గాలే.”

“ఎవ్వలి గాలి?”

బాలమల్లు నీళ్ల చెంబు అందుకొని పక్క మడికి నడిచాడు.

చలికాలం రాగానే ఆ మొక్క మొదలంటా ఎండి మాయమవుతుంది. గడ్డ మాత్రం ముల్లంగిలా లోతున పడుకొని ఉంటుంది. తోటంతా చిగిర్చినా అది లేవదు. ఇప్పపూలు రాలి, జనం ఏరుకొని ఎండబెట్టుకునే నాటికి గాని ఊదారంగు ముక్కు బయట పెట్టదు. అలా మొక్క ఎండి కనబడకుండా పోయిన ఒక చలికాలంలోనే యాదవ్వ ఊపిరాడక పోయింది.

మూడోనాటి రాత్రి, గుడిసెలో ఆమె ప్రాణం పోయిన చోట బూడిద పరిచి గంప బోర్లించారు. ఆ వైపు అది ఆనవాయితీ. తెల్లారి ఎత్తి చూస్తే బూడిద మీద పిట్ట కాలో, పిల్లి పంజో, పాము జాడో కనబడుతుంది. పోయినవాళ్లు ఏ రూపంలో వెళ్లిపోయారో దాన్నిబట్టి తెలుస్తుందంటారు. యాదవ్వ బూడిద మీద ఏ జాడా లేదు. కులపెద్ద రాయమల్లు చాలాసేపు చూసి, “ఎటూ పోలేదుర. ఈడనే ఉన్నది” అన్నాడు.

బాలమల్లు ఆ బూడిదను వాగులో కలపలేదు, ఆ గంపను పారెయ్యలేదు. రెండూ తెచ్చి బుగ్గపూల మడి మీద పెట్టాడు. అడిగినవాళ్లకు బూడిద నత్తలు రాకుండా, గంప అడవిపందులు తవ్వకుండా అని చెప్పాడు. అదీ అబద్ధం కాదు. కాని ఆ ఏడు మొగ్గ తొడిగినప్పుడు, ఆకు కూడా కదలని ఒక పొద్దున, మొగ్గలు ఉబ్బడం, కొద్దిగా అణగడం, మళ్లీ ఉబ్బడం చూశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బంగ్లా ఊడ్చే గంగుబాయి మాత్రం, చెప్పకపోయినా, ఆ మడి పక్కనుంచి నడవడం మానుకుంది. బూడిద, బోర్లించిన గంప చూస్తే చావింట్లోకి వచ్చినట్టుంటుందని మొగుడు సిద్దిరాములుతో అనేది. సిద్దిరాములు ఆ బంగ్లాకు చౌకీదారు.

ఈ ఏడు ఇప్పపూలు ఎండి ఇళ్లలోకి చేరాయి. మడిలో అలికిడి లేదు.

ఎండ ముదిరేసరికి జీపు వచ్చింది. రేంజరు లింగమూర్తి వయసులో చిన్నవాడు, నోరు మంచిదే. పెద్ద సాబులెవరో వస్తున్నారని ఆదిలాబాదు నుంచి క్రోటన్ కుండీలు తెప్పించాడు. అవి వరండా మెట్ల పక్కన వరుసగా ఉన్నాయి. తిన్నగా మడి దగ్గరికి వచ్చి, గంప వంక చూశాడు.

“ఇంకా రాలేదా బాలమల్లూ?”

“వస్తది సాబ్. ఈసారి జర ఆలిశమైంది.”

“పోయిన వారమూ అదే అన్నవు. రేపు ఇది తవ్వేసి క్రోటన్లు పెట్టు.”

“జర ఆగుండ్రి బాంచెన్.”

“చచ్చిపోయిన గడ్డ కోసం ఎన్నాళ్లు ఆగుదాం?” రేంజరు కోపంగా అనలేదు. బాలమల్లు తల వంచుకొని, అంగీ మీద లేని గుండీని తడుముకున్నాడు.

మిగతా పగలంతా రోజూలాగే గడిచింది. బావి నుంచి కావడితో నీళ్లు మోసి బంతి మళ్లకు పారించాడు. ఎండిన కొమ్మలు కత్తిరించాడు. రెండు కడవలకోసారి కూలబడి, ఛాతీలో గురక తగ్గేదాకా ఆగి లేచాడు. బీడీ ముట్టించుకుంటూ వచ్చిన సిద్దిరాములు పక్కన చతికిలబడ్డాడు.

“పొద్దుగూకినంక గడ్డలు తవ్వుకపోయి నీ గుడిసె కాడ పెట్టుకోరాదు కాకా? యాదవ్వ చిన్నవ్వకు ఈడైతేంది, ఆడైతేంది. ఎట్లయినా నిన్ను తిట్టుడే గద” అని నవ్వాడు.

బాలమల్లు నవ్వలేదు. “గడ్డ తెగితే పాలు కారుతయిర” అన్నాడు. గంప వైపు చూసి, “పండుకున్నదాన్ని నడిమిట్ల లేపితే ఎటు పోతదో నీకెర్కనా?” అన్నాడు.

సిద్దిరాములు బీడీ సగంలోనే ఆర్పి లేచిపోయాడు.

సాయంత్రం బంగ్లా వంటింటి పొయ్యి నుంచి కొత్త బూడిద తెచ్చి, గుడ్డలో జల్లించి, మడి మీద పరిచాడు. అరచేత్తో నిమిరి నిమిరి నున్నగా చేశాడు. చెయ్యి పెట్టిన గుర్తు కూడా మిగలకుండా చూసుకున్నాడు. గంప బోర్లించి దానికి చెవి ఆనించాడు. పక్కనే ప్రహరీ గోడకు ఒరిగి, గంప మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

లాంతర్లు ముట్టించడానికి వచ్చిన గంగుబాయికి వరండాలో నుంచే ఆ గురక వినబడింది. అదొక్కసారి పొడుగ్గా, లోపలికి పీల్చినట్టు సాగింది. బయటికి వదిలిన చప్పుడు మాత్రం రాలేదు. “కాకా” అని పిలిచింది. మళ్లీ పిలిచింది. లాంతరు ఎత్తి చూస్తే, ముసలాయన ఊపిరి బిగబట్టి దేనికోసమో వింటున్నట్టు కూర్చొని ఉన్నాడు.

పిల్లలు లేరు గనుక తలకొరివి సిద్దిరాములు పెట్టాడు. ప్రాణం పోయింది మడి దగ్గరైనా, మూడోనాటి రాత్రి గుడిసెలోనే బూడిద పరిచి, అడిగి తెచ్చిన వేరే గంప బోర్లించారు. మడి మీది గంపను ముట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. తెల్లారి రాయమల్లు ఎత్తాడు. ఇప్పుడు అతనికి చూపు సరిగా ఆనదు. వేళ్లతో గాలిలోనే తడుముతున్నట్టు బూడిద మీదుగా చెయ్యి తిప్పి, పక్కవాళ్లను అడిగాడు. ఏమీ లేదన్నారు. రాయమల్లు బంగ్లా ఉన్న వైపు ముఖం తిప్పాడు.

చావు తంతు గడిచేదాకా ఆగిన రేంజరు ఆ పొద్దుటే కబురు పంపాడు. సిద్దిరాములు గడ్డపార భుజాన వేసుకొని మడి దగ్గరికి నడిచాడు. అన్నేళ్లలో మొదటిసారి గంగుబాయి కూడా వెంట వచ్చింది. గంప ఒక పక్కన వేలెడంత లేచి ఉంది. ఆ సందులో ఊదారంగేదో మెరిసింది. గాలి లేదు. ఇప్పచెట్ల ఆకు కదలడం లేదు. లోపల టప్పుమంది. కాసేపటికి మరొకటి.

“లేపకు” అంది గంగుబాయి, మెల్లగా.

సిద్దిరాములు గడ్డపారను చప్పుడు కాకుండా గోడకు చేర్చి, ఇద్దరూ వెనక్కి నడిచారు. క్రోటన్లు గేటు పక్కన పెట్టారు. సాయంత్రం జీపు దిగిన రేంజరు మడి దాకా వెళ్లి, గంప సందులోని ఊదారంగు చూసి తిరిగి వచ్చాడు. ఆయన వెనుక, చూసే మనిషి లేని మడి మీద, ఆ పాత గంప అంచు కొద్దిగా పైకి లేచి, మళ్లీ నేలకు ఆని, మళ్లీ మెల్లగా లేస్తూ ఉంది.