భుజానికి రాసే మందు

మా ఆయన తన బనియన్లు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టిన రోజున నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో తడి తువ్వాలు ఒక్కసారీ దండెం మీద ఆరేయని మనిషి, పొద్దున్నే బాత్రూములో కూర్చుని బనియను బ్రష్షుతో రుద్దుతుంటే ఏ ఆడదానికైనా ఏదో అనుమానం వస్తుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటే కనబడసాగాయి. ఎండ మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా. గురక పెడుతున్నానని తన మీద తానే తీర్పు చెప్పుకుని, ముందుగదిలోని సోఫాకు మకాం మార్చడం. వంటింట్లో నా పక్క నుంచి పోవాల్సి వస్తే, రంగు ఆరని గోడను దాటుతున్నట్టు ఒళ్ళు ముడుచుకుని పోవడం. ఆ గోడ నేనే కాబట్టి నాకు బాగా తెలిసేది.

ఆయన లిఫ్టుల మెకానిక్కు. పగలంతా ఊళ్ళోవాళ్ళ భవనాల్లో పైకీ కిందికీ తిరిగి వస్తారు. ఇంటికొచ్చాక మాత్రం ఏ అంతస్తులోనూ ఆగరు.

వదిన, అంటే ఆయన అక్క, ఫోన్ చేసినప్పుడు మెల్లగా కదిపి చూశాను. యాభై దాటిన మగాళ్ళంతా ఇంతేనంది. మీ అన్నయ్య పేపర్లో తల పెట్టి పదేళ్ళయింది, ఇంకా పైకి తీయలేదంది. ఇంకెవరైనా ఉన్నారేమో వదినా అని నవ్వుతూ అన్నాను. ఆవిడ నాకంటే ఎక్కువ నవ్వింది. తమ్ముడి బుద్ధి మీద ఆవిడకు అంత నమ్మకం, అందం మీద అంతకు మించిన నమ్మకం. ఫోన్ పెట్టేశాక ఇల్లు మరీ ఖాళీగా వినబడింది. మాకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో చప్పుడు చేయడానికి కుక్కరూ నేనూ తప్ప ఎవరూ లేరు.

ఒక ఆదివారం ఆయన బజారుకెళ్ళినప్పుడు బాణలి పిడి వదులైంది. స్క్రూడ్రైవరు కోసం ఆయన పనిముట్ల సంచి తెరిచాను. గ్రీజు డబ్బా కింద, పాత గుడ్డలో చుట్టిన అట్టపెట్టె ఒకటి ఉంది. అందులో ఒక ట్యూబూ, విప్పితే దుప్పటంతయ్యే కాగితమూ. నేను బీయస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆ చదువు ఇన్నేళ్ళకు వంటింట్లో పనికొచ్చింది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను తక్కువైనవాళ్ళకు ఇచ్చే జెల్లు. రోజూ ఉదయం స్నానం చేశాక భుజాలకు రాసుకోవాలి. ఆ కింద నల్లటి పెద్ద అక్షరాల్లో, రాసిన చోటు ఆడవాళ్ళకూ పిల్లలకూ తగలకూడదని ఉంది.

స్టూలు మీద కూలబడ్డాను. మూణ్ణెల్లుగా నన్ను చూస్తే ఆయనకు మొహం మొత్తిందనుకున్నాను. అద్దంలో ఎక్కడెక్కడ మొత్తి ఉంటుందో వెతుక్కున్నాను కూడా.

కాగితం తిరిగి మడవబోయాను. మందుల కాగితాన్ని మొదటున్నట్టు మడిచిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. నేనూ పెద్దగా కష్టపడలేదు. పెట్టె ఉబ్బేలా కుక్కి, సంచి మూసేశాను.

మర్నాడు సాయంత్రం పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నారు.

"సంచి తీశావా?"

"బాణలి పిడి వదులైంది."

"కాగితం చదివావా?"

"రెండువైపులా."

అప్పుడు చెప్పుకొచ్చారు, కంచానికే చెబుతున్నట్టు. ఏడాదిగా నిచ్చెన సగంలో ఉండగా కాళ్ళు వణుకుతున్నాయట. మధ్యాహ్నానికల్లా మోటారు గదిలో గోడకానుకుని కునుకు తీయాల్సి వస్తోందట. నా వైపు తిరగాలన్న ఆలోచనే రావడం మానేసిందట. అది రాలేదని ఒకరోజు హఠాత్తుగా గుర్తొచ్చి భయమేసిందట. రెండుసార్లు పొద్దున్నే పరీక్షకు రక్తం ఇచ్చారు, రెండుసార్లూ ఆ హార్మోను తక్కువే వచ్చింది. నాతో చెప్పడానికి సిగ్గేసింది.

"నీ దగ్గరికి రావాలనే మొదలుపెట్టానోయ్. తీరా చూస్తే, తగిలితే నీకు గడ్డం మొలవచ్చని రాశారు."

"మొలిస్తే మొలిచింది. పక్కపక్కన నిలబడి గీసుకునేవాళ్ళం."

నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. కాగితం తెచ్చి, పెద్ద అక్షరాల కింద చీమల్లా ఉన్న అక్షరాలు చూపించాను. మందు ఆరాక బట్ట కప్పుకోవాలి, ఎవరికైనా ఒళ్ళు తగిలేముందు ఆ చోటు సబ్బుతో కడుక్కోవాలి, అంతే. ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివారు. లిఫ్టు తాడు అరవైమందిని మోయగలిగినా బోర్డు మీద ఆరుగురనే రాస్తామని, హెచ్చరిక కనిపిస్తే పదింతలు చేసుకోవడం తమ వృత్తిలో అలవాటని గొణిగారు.

"అందుకని మూణ్ణెల్లు నన్ను కింద నిలబెట్టారు," అన్నాను.

తర్వాత పది రోజులు మా ఇంట్లో సబ్బు బాగా అరిగింది. అంతకు మించిన వివరం వదినకు కూడా చెప్పలేదు.

పదకొండో రోజున, మందు మొదలుపెట్టిన మూణ్ణెల్లకు చేయించుకోమన్న రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఈసారి డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. కొడుకు వయసు కుర్రాడిలా ఉన్నాడు గానీ మాట నెమ్మది. రక్తం చిక్కబడిందన్నాడు. ఉండాల్సిన గీత దాటిందట, అలా వదిలేస్తే గడ్డలు కట్టొచ్చట. ఇంజెక్షన్లకు మారితే నాకు తగులుతుందన్న బెంగ ఉండదు గానీ, వాటితో రక్తం ఇంకా చిక్కబడే అవకాశమే ఎక్కువ, మనసు కూడా సూదికీ సూదికీ మధ్య ఎక్కిదిగుతుందన్నాడు. గురక సంగతి అడిగాడు. నిద్రలో ఊపిరి ఆగుతుంటే దానివల్లా రక్తం చిక్కబడుతుంది, ఈ మందు ఆ జబ్బును ముదరబెట్టొచ్చు, పరీక్ష చేయించాలన్నాడు.

"పిల్లలు కావాలనుకునేవాళ్ళకైతే అసలిది ఇవ్వం. మీకా ఇబ్బంది లేదు కదా," అన్నాడు రాసుకుంటూ.

లేదన్నాం, ఇద్దరం ఒకేసారి.

మందు ఆపేయడం మేలన్నాడు. ఆపితే నీరసం తిరిగొస్తుంది, కొన్నాళ్ళు మునుపటికంటే ఎక్కువే ఉండొచ్చు. మోతాదు బాగా తగ్గించి, నెలకోసారి రక్తం చూసుకుంటూ నడిపించే దారి కూడా ఉందిగానీ తనకంత ఇష్టం లేదన్నాడు. బయట కూర్చుని ఆలోచించుకు రమ్మన్నాడు.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం.

"మోతాదు తగ్గించి ఒక్క నెల చూద్దామా?" అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడం నాకు కొత్త. కూర వేయమని కూడా అడగరు, గిన్నె వైపు చూస్తారు.

ఆదివారం మధ్యాహ్నాలు సోఫాలో ఆయన గురక మధ్యలో తెగిపోతుంది. అది మళ్ళీ అందుకునేదాకా వంటింట్లో నేను గరిటె గాల్లో పట్టుకుని నిలబడతాను. ఒకసారి పోపు మాడిపోయింది. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

"ఆపేయండి," అన్నాను.

"మళ్ళీ పాత మనిషినైపోతాను."

"ఆయన నాకు తెలిసినవాడే."

"నీకు పరవాలేదా?"

"నాకేం."

లోపలికెళ్ళి ఆపేస్తామని చెప్పి వచ్చారు. నిద్ర పరీక్షకు ఆరు వారాల తర్వాత తేదీ ఇచ్చారు.

నెల తిరక్కుండానే నీరసం వచ్చేసింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఎవరికి తగిలినా తప్పు లేదు, తగలాలన్న ధ్యాసే ఆయనకు లేదు. నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చి, సోఫాలో నా పక్కనే కూర్చున్నారు. ఈ మధ్య నువ్వేం మాట్లాడటం లేదు, ఏదైనా చెప్పు, వింటానన్నారు. నిజంగానే వినాలని కూర్చున్నారు, నాకు తెలుసు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కింది ఇంటివాళ్ళ కొళాయి కారుతున్న సంగతి చెప్పాను. ఊఁ అన్నారు. రెండో ఊఁ సగంలోనే ఆగింది. తల వెనక్కి వాలిపోయింది.

"ఆ ఒక్క నెల నాకూ కావాలనిపించిందండీ," అన్నాను.

గట్టిగా అనలేదు. మెలకువ వస్తుందని.