నూరు కిలోమీటర్ల తర్వాత

వీరరాఘవులు కొలతలో తప్పు చేయడం అరుదు. కెనడాలోని సార్నియాలో నది ఒడ్డునున్న కెమికల్ ప్లాంట్లో ముప్పై ఏళ్లకు పైగా మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేసినవాడు. పైపు చివర చేత్తో తడిమి, దానికి ఏ బోల్టు పడుతుందో చెప్పగలిగినవాడు. అలాంటి మనిషి మధుమిత పికప్ ట్రక్కు కింద పడుకుని, వెనక ఇరుసు మందం కొలిచి, అర అంగుళం తక్కువ చెప్పాడు. తెప్పించిన యూ బోల్టులు పోయిన శనివారం ఇరుసు మీద పెట్టి చూస్తే పట్టలేదు. మళ్లీ ఆర్డరు పెట్టి, ఇవాళ్టి శనివారం దాకా ఆగవలసి వచ్చింది.

కళ్లజోడు మార్పించుకోవాలి అనుకున్నాడు అప్పుడు. వారం గడిచినా మార్పించుకోలేదు. లోపం కళ్లజోడులో లేదని లోపల ఎక్కడో తెలుసు. తెలిసిన ఆ చోటికి వెళ్లకుండా, దాని పక్కనుంచి మెల్లగా తప్పుకుని తిరగడం ఆయనకు అలవాటే.

మొన్నమొన్నటిదాకా రెండు మూడేళ్లపాటు ఊరినిండా చదువుకి వచ్చిన మన పిల్లలే. కాలేజీ చుట్టుపక్కల ఇళ్లల్లో గదికి ముగ్గురేసి ఉండేవారు. బస్సుని నమ్ముకుంటే ఉద్యోగం నిలవదు కాబట్టి అందరూ పాత కార్లు కొనేవారు, అవి చెడేవి, ఎవరో ఒకరు రాఘవులు అంకుల్ గ్యారేజీ పేరు చెప్పేవారు. చలికాలం టైర్లు వేయించుకోవడానికి నవంబరులో, తీయించుకోవడానికి ఏప్రిల్లో వరసకట్టి వచ్చేవారు. పైసా తీసుకునేవాడు కాదు. ఒక్కటే కష్టం, ఆయన చేతిలో పడిన బండి మళ్లీ తొందరగా చెడేది కాదు. టైర్లకు తప్ప పిల్లలు మళ్లీ వచ్చేవారు కాదు. ఈ రెంటికీ ఉన్న సంబంధం ఆయనకు చాలా ఆలస్యంగా తట్టింది.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు ఒకప్పుడు ఉండేవారు.

పదిగంటలకు ట్రక్కు వాకిట్లో ఆగింది. గ్యారేజీలో రెండు మడతకుర్చీలు వేసి, ఫ్లాస్కులో టీ పోసి ఉంచాడాయన. రెండో కుర్చీ ఈ మధ్యే కొన్నది.

"గుడ్ మార్నింగ్ అంకుల్! బర్రెను తోలుకొచ్చిన" అంటూ దిగింది మధుమిత. కరీంనగర్ పిల్ల. కాలేజీ అయిపోయి, వర్క్ పర్మిట్ మీద ఊరి బయట నర్సరీలో మొక్కలు మోసే పని చేస్తోంది. ఆ నర్సరీ ముసలాయనే ఈ ట్రక్కు అమ్మాడు. ఆగితే కదలదు, కదిలితే ఆగదు అని రూమ్మేట్లు దానికి బర్రె అని పేరు పెట్టారు.

వెనక తొట్టి నిండా సామాను ఉంది. రెండు సూట్‌కేసులు, పరుపు చుట్ట, రైస్ కుక్కర్, ఇడ్లీపాత్ర.

"ఇదంతా ఏమిటమ్మా?"

"ఇయ్యాలనే పోతున్న అంకుల్. బోల్ట్‌లు బిగించుడు అయితే ఇట్లనే ఎక్కి రెజైనా పోవుడే. బుధవారం జాయినింగ్. మీకు మెసేజ్ పెట్టిన్నా లేదా? యాద్‌మర్శిన కావొచ్చు."

ఆమెకు మూడు రోజుల దారి అవతలున్న రెజైనాలో ఉద్యోగం వచ్చిందని ఆయనకు తెలుసు. ఎప్పుడో వెళ్తుందనీ తెలుసు. ఇవాళ అని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"మంచిది" అన్నాడు. "సామాను దించుదాం. బరువు మీద పని జరగదు."

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగం లేపి, ఛాసిస్ కింద స్టాండులు నిలబెట్టారు. ఇరుసు కింద జాకీ పెట్టారు. చక్రాలు ఊడదీశాక అసలు రోగం కనిపించింది. ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాన్ కట్టను ఇరుసుకు అదిమిపట్టి ఉంచేవి ఈ యూ బోల్టులే, పక్కకి రెండు. చలికాలమంతా మంచు కరగాలని రోడ్డు మీద చల్లే ఉప్పు తిని అవి పొరలు పొరలుగా లేచిపోయాయి. ఒకదాని కాలు సగానికి సగం అరిగి పెన్సిలంత అయింది.

"గిది తెగితే?"

"ఇరుసు పక్కకి జరిగిపోతుంది. నువ్వు ఒకవైపు తిప్పుతావు, బండి ఇంకోవైపు పోతుంది."

"నా లైఫ్ లెక్కనే అన్నట్టు" అని నవ్విందామె.

నట్లు పానాకి లొంగలేదు. గ్రైండరుతో కోసెయ్యాల్సి వచ్చింది. నిప్పురవ్వలు నేల మీద పడి ఆరిపోతుంటే ఆమె దూరంగా నిలబడి, ఆయనకు వినిపించాలని గట్టిగా మాట్లాడుతూనే ఉంది. ఒక రూమ్మేట్ కిచెనర్ అనే ఊరికి వెళ్లిపోయింది, ఇంకొకామె వచ్చేనెల ఖాళీ చేస్తుంది, ఫ్రిజ్ ఎవరికీ అక్కర్లేదు. ఆమెకు ఎదుటివాళ్ల జవాబు అవసరం లేదు. ఆ సంగతే ఆయనకు నచ్చేది. ప్లాంటులో ఉన్నంతకాలం యంత్రాల మోత ఉండేది, ఆ మోతలో తను ఏమీ మాట్లాడని సంగతి ఎవరికీ తెలిసేది కాదు, తనకు కూడా. రిటైరయ్యాకే తెలిసింది.

కొత్త బోల్టులు ఈసారి ఇరుసు మీద చక్కగా కూర్చున్నాయి. ఒకేసారి బిగించకూడదని చెబుతూ, ఒక నట్టు కాస్త, దానికి ఎదురుమూల నట్టు కాస్త బిగించుకుంటూ వచ్చాడు. కావాలని నెమ్మదిగా చేస్తున్నాడా? ఆ ప్రశ్న వచ్చింది, దాని పక్కనుంచీ తప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి బండి చక్రాల మీదికి దిగింది. ఇద్దరూ కలిసి సామాను ఎక్కించారు. బరువు పడ్డాక ఆఖరి బిగింపు కూడా అయింది. ఆమె చేతులు తుడుచుకుని, కుర్చీలో కూర్చోకుండానే టీ తాగింది.

ఆయన ఈ వారమంతా దాచుకున్న మాట ఒకటి ఉంది. నిజానికి అది ప్రతి మెకానిక్కూ చెప్పే మాటే.

"కొత్త బోల్టులు కదా, సర్దుకుంటాయి. నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాలి."

"తెల్సు అంకుల్. మా మేనమామకు లారీ ఉండె. కొత్త కమాన్లు ఏపిస్తే ఫస్ట్ ధాబా కాడ ఆపి, చాయ్ చెప్పి, మళ్ల బిగిస్తుండె. నేను గూడ లండన్ కాడ ఆపి బిగించుకుంట. మీ కాడ పాత పానా ఏదన్న ఉంటే ఇయ్యుండ్రి."

లండన్ అంటే ఇక్కడి ఊరే, సరిగ్గా నూరు కిలోమీటర్లు. పిల్ల లెక్క తప్పలేదు. ఆ బిగింపుకి ఆమె మళ్లీ వస్తుందని ఆయన వారం రోజులుగా పట్టుకుని కూర్చున్న వచ్చే శనివారం అలా ఒక్క మాటతో జారిపోయింది.

"లారీ వేరమ్మా" అని తన గొంతు అనడం విన్నాడు. "ఇది అలా దారిలో చేసేది కాదు. వారంపాటు ఊళ్లోనే తిప్పి, మళ్లీ ఇక్కడికి తేవాలి. లెక్క ప్రకారం చేయాలి."

"వారమా?"

"వారం."

ఆమె మొహంలో నవ్వు ఆగింది. ఆయన ఇంజనీరు, పెద్దాయన, ఆ ఒక్క కొలత తప్ప ఇప్పటిదాకా ఆయన చెప్పినదేదీ తప్పు కాలేదు. ఆ నమ్మకాన్ని ఆయన కళ్లారా చూశాడు, ఇందాక బండి బరువు మోసిన జాకీని చూసినట్టు.

"బుధవారం రాకపోతే ఇంకొకరిని తీసుకుంటమన్నరు అంకుల్. పర్మిట్ టైం గూడ ఎక్కువ లేదు నాకు." టీ కప్పు కింద పెట్టింది. "సరే తియ్యుండ్రి. దారిల ఏమన్న అయితే అసలుకే మోసం. మేనేజర్‌కు మెసేజ్ పెడ్త, ఏమంటదో సూద్దాం."

ట్రక్కుకు ఆనుకుని ఫోను తీసింది. బొటనవేలు అక్షరాల మీద ఆగుతూ కదులుతోంది. ఆమె ఒక మాట రాసి, చెరిపి, మళ్లీ రాస్తోంది. అక్కడినుంచి పక్కకి తప్పుకునే దారి ఈసారి ఆయనకు కనపడలేదు. అర అంగుళం తక్కువ చెప్పిన మనిషి, ఈ మనిషి, ఒక్కడే. ఇంకో శనివారం వస్తుంది, రెండో కుర్చీలో ఈ పిల్ల కూర్చుంటుంది, ఉద్యోగం పోయిన సంగతి చెబుతుంది. తను టీ పోస్తాడు. ఓదారుస్తాడు కూడా. ఓదార్చడం తనకు ఎంత బాగుంటుందో ముందే తెలిసిపోయింది.

"ఆగు. పంపకు."

గోడ మీద ఒక్కొక్క పనిముట్టుకీ ఒక్కొక్క మేకు, ప్రతిదాని చుట్టూ మార్కరుతో గీసిన గీత. అక్కడినుంచి పొడుగాటి టార్క్ రెంచ్ తీశాడు.

"దారిలో చేసుకోవచ్చు."

"ఇప్పుడే గాదంటిరి?"

"ఇందాక తప్పు చెప్పాను."

ఆమె ఆయన మొహం కేసి చూసింది. ఆయన ట్రక్కు కింద కూర్చుని చూపించాడు. ఎంత బిగువు కావాలో పిడి మీద ఈ అంకె దగ్గర పెట్టేశాను, మార్చకు. మెల్లగా లాగు. టక్కుమనగానే ఆపెయ్యి. చప్పుడు వెంటనే వస్తే నట్టు వదులవలేదని. కాస్త తిరిగాక వస్తే వదులైందని. ఆమె చేత రెండుసార్లు లాగించాడు. రెండుసార్లూ వెంటనే టక్కుమంది.

"ఇది మంచి రెంచ్ అంకుల్. ఎప్పుడన్న ఇటు వచ్చినప్పుడు తెచ్చిస్త."

ఒక్క 'సరే' అంటే చాలు. ఆమె మళ్లీ వస్తుందని ఎదురుచూస్తూ కొన్నేళ్లు గడిపేయవచ్చు.

"అక్కర్లేదు. ఉంచుకో."

బర్రె వాకిలి దిగి, మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఆయన కోసేసిన పాత బోల్టులు ఏరి డబ్బాలో వేశాడు. నేల ఊడ్చాడు. రెండో కుర్చీ మడిచి, ఎందుకో మళ్లీ విప్పాడు. ఉప్మా చేసి పెట్టానని చెప్పడం మరిచిపోయినట్టు వంటింట్లోకి వెళ్లాక తెలిసింది. నిలబడే కొంచెం తిన్నాడు.

ఫోను మోగింది.

"అంకుల్, లండన్ దాటక ముందే ట్రక్ స్టాప్ దొరికింది. ఫోన్ కింద పెడుతున్న, స్పీకర్‌ల. మీరు వినుండ్రి, సరిగ జేస్తున్ననో లేదో."

ఫోను బల్ల మీద పెట్టి, చెవి దగ్గరగా వంగాడు. గాలి, దూరంగా లారీలు. తర్వాత ఒక టక్. ఇంకోటి. వెంటనే వెంటనే వచ్చాయి. కుడి పక్క అయిపోయింది. ఎడమ పక్క మూడో నట్టుకి చప్పుడు రాలేదు. ఇనుము కిర్రుమంది. ఆమె మూలిగింది, ఇంకాస్త లాగింది. అప్పుడు టక్కుమంది.

"గిదొక్కటి వదులైంది అంకుల్!"

"అవును. విన్నాను. మిగిలింది కూడా చూడు."

అదీ అయింది.

"అయిపాయె. థాంక్యూ అంకుల్. పోయినంక ఫోన్ జేస్త."

"జాగ్రత్తమ్మా."

లైను తెగలేదు. ఆమె ఫోను ఆపడం మరిచిపోయి సీటు మీద పడేసినట్టుంది. తలుపు పడింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. "పా బర్రె, పోదాం పా" అంటోంది, తనను ఎవరూ వినని గొంతుతో. తర్వాత రోడ్డు చప్పుడు, టైర్ల కింద ఒకే తీరుగా. మధ్యలో ఏదో కూనిరాగం. పాట కాదది, మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు గొంతు దానంతట అది చేసుకునే చప్పుడు. తన గొంతు కూడా అలా చేస్తుందా అని ఆయన ఆలోచించాడు. తెలియలేదు.

ఇలా ఎంతసేపైనా వినవచ్చు. ఆమెకు తెలియదు. ఇందులో ఆమెకు నష్టమూ లేదు.

కూనిరాగం ఆగింది. ఆమె ముక్కు ఎగపీల్చింది, ఒకసారి, తర్వాత మరోసారి.

ఆయన చెయ్యి చాపి, ఫోను మీది ఎర్ర బొత్తాం నొక్కాడు.