బాప్తిస్మపు తొట్టి

పోశాలు పదకొండో ఇంటి డ్రమ్మును వంచి నీళ్లు పారబోసి, అడుగును కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాడు. శుక్రవారం శుక్రవారం గార్ల ఊళ్లో వాడవాడా తిరిగి నిలవనీళ్లు ఒలకబోయించడం అతని పని. పంచాయతీలో పంతొమ్మిదేళ్ల నౌకరీ. పొట్టిమనిషి, కాస్త వంగిన నడుము, వేళ్ల సందుల్లో ఎప్పటికీ పోని పాచి మరకలు. ఏటా దీపావళి దాటితే ఈ పని ఆగిపోయేది. చలికి దోమలు వాటంతట అవే తగ్గేవి. ఈసారి జనవరి వచ్చినా ఎవరూ దుప్పటి బయటికి తీయలేదు. చలి ముఖం చాటేసింది, దోమలు మాత్రం పిలవని చుట్టాల్లా తిష్ఠవేశాయి.

అతని భార్య మరియమ్మ మూడురోజులుగా మానుకోట దవాఖానలో ఉంది. డెంగీ. పొద్దున కొడుకు శ్యాం ఫోన్ చేశాడు. "ప్లేట్‌లెట్లు మల్ల పడ్డయి నాయినా. నువ్వొచ్చి జేసేదేం లేదు. మన వాడల ఇంకిద్దరికి జరమొచ్చిందట. గా దోమలు యాడికెల్లి వస్తున్నయో జూడు."

ఇళ్లన్నీ అయ్యాయి. ఎక్కడా దోమపురుగు లేదు. మిగిలింది చర్చి వెనకున్న సిమెంటు తొట్టి. క్రిస్మస్‌కు ముందు నింపితే, బాప్తిస్మాలు ముగిసేదాకా ఆ నీళ్లను ఎవరూ ముట్టరు. ఏటా పైపు పెట్టి నింపేది పోశాలే. దేవుడి నీళ్లని అందులో ఏనాడూ మగ్గు ముంచి చూడలేదు. ఇవాళ ముంచాడు. మగ్గు నిండా పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

సంఘపెద్ద జోసెఫ్ ఉరికొచ్చాడు. "ఏం జేస్తున్నవ్ పోశాలూ! ఎల్లుండి తొమ్మిదిమందికి బాప్తిస్మం. ప్రార్థన జేసిన నీళ్లవి!"

"గీ పురుగులు జర జూడన్నా."

"చలికాలంల దోమలేంది? ఎన్నడన్న వచ్చినయా?"

"చలేదన్నా? నేను గూడ గట్లనే అనుకున్న. నేనే నింపిన, నేనే జూడలే. మరియమ్మ దినాం ఊడ్చేది గీ తొట్టి పక్కపొంటే."

జోసెఫ్ అడ్డం నిలబడ్డాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని పోశాలు అతన్ని రెండు చేతులతో పక్కకు నెట్టాడు. తొట్టిలోకి దిగి, అడుగున బిరడా లాగాడు. నీళ్లు బుడబుడమంటూ ఎండిన మట్టిలోకి పోసాగాయి.

నీళ్లు మోకాళ్లకు దిగాక ఫోన్ మోగింది.

"నాయినా," అన్నాడు శ్యాం. "అమ్మ పోయింది."

పోశాలు ముఖం చూసి జోసెఫ్ చెయ్యిచ్చి అతన్ని పైకి లాగి, ప్యాంటు మడుచుకుని, కొబ్బరిపీచు అందుకుని తనే తొట్టిలోకి దిగాడు.

పోశాలు తడిబట్టలతో గేటు వైపు నడిచాడు. చర్చి మెట్ల పక్కన మరియమ్మ చెప్పులున్నాయి. మంగళవారం ఊడుస్తూ కళ్లుతిరిగి పడితే, ఒట్టికాళ్లతోనే ఆటో ఎక్కించారు. తెగిన ఎడమచెప్పు పట్టీకి ఆమె పెట్టుకున్న పిన్నీసు ఇంకా గట్టిగానే ఉంది.