ఆముదం వేళ్లు

కావ్యశ్రీ నలుగురిలో నోరు విప్పదు. బడిలో హాజరు పిలిచినా ఆ పిల్ల గొంతు ముందు బెంచీ దాటేది కాదు. అలాంటిది పదో తరగతి పరీక్షలయ్యాక, హోసూరు దగ్గరి తళి ఊళ్లో తమ ఇంటి వసారాలో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని గిటార్ నేర్పుతోందంటే వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. శనివారం శనివారం హోసూరు బస్సెక్కి నేర్చుకున్న విద్య అది. పిల్లల చేతికి సరిపోయే చిన్న గిటార్ ఒకటి అక్కడి మాస్టరు వాడుకొమ్మని ఇచ్చాడు. పిల్లలు దాన్ని వంతులేసుకుని ఇంటికి తీసుకుపోయి వాయించుకుంటారు. బడి తెరిచేలోగా వాళ్లచేత ఒక్క పాటైనా పలికించాలని ఆమె పట్టు.

కాని నెల దాటినా తీగ పలకదే! ఏడేళ్ల రక్షిత్ వేలు ఆనించిన మరుక్షణం "నొప్పక్కా" అని చెయ్యి లాగేసుకుంటాడు. మొదటి రోజు ఎలా ఉన్నాయో వాడి వేళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, మెత్తగా, ఎర్రగా. తను నేర్చుకునే రోజుల్లో కావ్యశ్రీ వేళ్లు ఈపాటికి కాయలు కాచాయి.

"ఇంట్లో వాయించడం లేదు గదరా?"

"దేవుని తోడు, వాయించినానక్కా!"

ఆ సాయంత్రమే వాడి అవ్వ చిక్కమ్మ చామంతి గంపతో గుమ్మం ముందు నిలబడింది.

"ఏం పాపా, పాట నేర్పమని పంపిస్తే పిల్లోని యేళ్లు కోసి పంపిస్తాండావు? రేపట్నుంచి వాడు ఈడికి రాడు. వాడు రాకుంటే మిగిలినోళ్లూ రారు, చూసుకో."

ఆ మాట నిజమే. మిగిలిన పిల్లలంతా చిక్కమ్మ దాయాదుల ఇళ్లవాళ్లే. జవాబు చెప్పేలోపే ఆమె మనవడి రెక్క పట్టుకుని వెళ్లిపోయింది.

కావ్యశ్రీ కళ్లు తుడుచుకుని, ఆ రోజే రక్షిత్ ఇంటినుంచి తిరిగొచ్చిన గిటార్ తీసింది. దాని మెడ జిడ్డుగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆముదం!

తెల్లవారగానే గిటార్ చంకన పెట్టుకుని బయల్దేరింది. చెప్పాల్సిన మాట దారంతా వల్లెవేసుకుంది. చిక్కమ్మ వాకిట్లో పూలు కడుతోంది. కావ్యశ్రీ నిలబడే ఉంది. బీడీ కాలుస్తున్న చిక్కమ్మ మొగుడు బైరప్ప నవ్వాడు.

"మాట్లాడేదానికి వచ్చినావా తల్లీ, మౌనవ్రతానికా?"

"అవ్వా, వాని వేళ్లకు ఆముదం రాస్తాండావా?"

"రాయకుంటే? దినమూ అంటి పండబెడతాను. పసి యేళ్లు."

"అందుకే నొప్పి. అవి గట్టిపడేలోపే నువ్వు మెత్తన చేసేస్తాండావు. జిడ్డుకు తీగ మీద వేలు నిలవడం లేదు."

"అంటే తప్పు నాదా?" చిక్కమ్మ చేతిలోని దారం ఆగిపోయింది.

ఇంకో రోజైతే కావ్యశ్రీ వెనుదిరిగేదే. ఇవాళ మాత్రం ముందుకొచ్చి గిటార్‌ను ఆమె ఒళ్లో పెట్టింది.

"ఈడ నొక్కవ్వా. గట్టిగా."

విసుక్కుంటూనే నొక్కింది చిక్కమ్మ. కావ్యశ్రీ తీగ మీటింది. ఖంగుమని మోగేసరికి వాకిట్లో కోళ్లు చెదిరి పరుగెత్తాయి.

"నొచ్చిందా అవ్వా?"

"నాకేం నొప్పి? పూలు కట్టీ కట్టీ, రాగి పైరు కోసీ కోసీ ఈ యేళ్లు..." ఆమె తన వేలికొనల్ని తిప్పి చూసుకుంది.

"అబ్బో, మనింట్లో కచేరీ! ముందు చాప నాదే" అన్నాడు బైరప్ప.

"నువ్వు ఊరకుండప్పా!" మొగుణ్ణి కసిరింది చిక్కమ్మ.

"అమావాస్య దాకా నూనె మానవ్వా" అంది కావ్యశ్రీ. "గిటార్ ఈడే పెట్టిపోతాను, వాడు దినమూ వాయించనీ. అప్పటికీ నొప్పంటే గిటార్ హోసూరులో ఇచ్చేసి వస్తాను. మళ్లీ అడగను."

చిక్కమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. "తలకైతే అంటుతాను. దానికీ అడ్డమొస్తావా?"

"తలకైతే అంటవ్వా."

అమావాస్య వచ్చింది. రక్షిత్‌ను వెంటబెట్టుకొచ్చిన చిక్కమ్మ గంప దించకుండా కావ్యశ్రీ ఇంటి వసారా బయటే నిలబడింది. రక్షిత్ తీగ నొక్కాడు. బుడుక్కుమంది. చెమట చేతిని నిక్కరుకు తుడుచుకుని, పళ్లు బిగించి మళ్లీ నొక్కాడు. ఈసారి మోగింది. తర్వాత రెండోది, దాని వెనకే మూడోది. ఒకచోట తడబడ్డాడు. వాడే వెనక్కు పోయి సరిచేసుకుని పాట చివరిదాకా లాక్కొచ్చాడు.

చిక్కమ్మ లోపలికొచ్చి వాడి వేలికొన పట్టుకుని, కాయ పండిందో లేదో చూసినట్టు బొటనవేలితో నొక్కి చూసింది.

"నొప్పా?"

"లేదవ్వా, వదులు. ఇంకొకసారి వాయించల్ల."

ఆమె గంప సర్దుకుని గుమ్మం దాటి, వెనక్కు తిరిగింది.

"పాపా, రేపు ఎన్ని గంటలకు పంపల్ల?"